ఫెరారీ గేరు గేటు

పాత ఫెరారీల్లో చాలావాటికి గేర్ రాడ్ కింద తోలు తొడుగు ఉండేది కాదు. ‘గేటు’ అనే మెరిసే లోహపు పలక, అందులో కోసిన దారులు, ఆ దారుల్లో తిరిగే సన్నటి రాడ్, దాని తలమీద నల్లటి గుండు. గేరు ఎటు పోతోందో కంటికి కనపడేది. పడ్డప్పుడు తలుపు గడియ వేసినట్టు టక్కుమనేది.

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య విదేశీ కార్ల పత్రికలు దొరికేవి. ఫెరారీ ఎఫ్355 ఫొటో నేను మొదట చూసింది వాటిలోనే. ఎర్రటి బండి కన్నా లోపలి ఆ పలకనే ఎక్కువసేపు చూసేవాణ్ణి. చాలా ఏళ్లకు న్యూజెర్సీలో ఒక తెలుగు డాక్టరుగారు అలాంటి బండిలోనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పారు. ఆయన చెయ్యి ఇప్పటికీ గుర్తుంది. గుండును పిడికిట పట్టలేదు. వేళ్లతో తోసి, దారి మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్లీ తోసేవారు. ‘‘తొందరపెట్టకూడదండీ’’ అన్నారు.

ఆ గేటుకు ఎసరు పెట్టింది రేసు ట్రాకే. 1989లో జాన్ బర్నార్డ్ రూపొందించిన ఫెరారీ 640 ఫార్ములా వన్ కారులో గేరు మీటలు స్టీరింగ్ వెనక్కి చేరాయి. నైజెల్ మాన్సెల్ నడపగా ఆ కారు బ్రెజిల్‌లో తన మొదటి రేసే గెలిచేసింది. 1997లో ఆ మీటలు ఎఫ్355కూ వచ్చాయి. అమ్మిన తీరు చూడండి: క్లచ్ పెడల్ ఉన్నది మామూలు బండి, మీటలు కావాలంటే అదనంగా కట్టాలి. వాటికి ‘ఎఫ్1’ అని పేరు. ఆ పేరు పక్కన గేటు పాతకాలపు వస్తువైపోయింది. 360 చాలెంజ్ స్ట్రాడాలే, 430 స్కుడెరియా లాంటి మరింత వేగమైన రకాలకైతే మాన్యువల్ ఇవ్వనేలేదు. స్కుడెరియా 60 మిల్లీసెకన్లలో గేరు మారుస్తుందని గొప్పగా చెప్పారు. మనిషి చెయ్యి ఆ లెక్కకు ఎక్కడ తూగుతుంది? 2009లో వచ్చిన 458లో గేటే లేదు. బండి నడపడంలోని ఆనందాన్ని మిల్లీసెకన్లతో కొలవడం పెద్ద అన్యాయమని నా నమ్మకం.

పోర్షే కూడా 2013లో 911 జీటీ3ని మాన్యువల్ లేకుండానే తెచ్చింది. అభిమానులు ఊరుకోలేదు. 2016లో 911 ఆర్‌ను మాన్యువల్‌తో మాత్రమే, అదీ 991 బళ్లే చేసింది. మరుసటి ఏడు జీటీ3లోకి మాన్యువల్ తిరిగొచ్చింది, అదనపు ఖర్చు లేకుండా. బీఎండబ్ల్యూ 2020లో చూపించిన ఎం3లో వేరే పద్ధతి: యూరప్ లెక్కలో 480 హార్స్‌పవర్ రకానికి మాన్యువల్, 510 ఉన్న కాంపిటీషన్‌కు ఆటోమేటిక్ మాత్రమే ఇచ్చింది. చేత్తో గేరు వేస్తానంటే తక్కువ బలంతో సరిపెట్టుకోవాల్సి వచ్చిందన్నమాట.

ఒకప్పుడు అదనంగా డబ్బు కట్టి మరీ వద్దనుకున్న గేటు ఉంటే చాలు, ఇప్పుడు మామూలు ఎఫ్430 ధర బాగా పెరిగిపోతుంది. అమెరికాలో కొన్ని వర్క్‌షాపులు ఎఫ్1 బళ్లలోని మీటలు పీకేసి, క్లచ్ పెడల్, లోహపు గేటు బిగించి ఇస్తున్నాయి. పదుల వేల డాలర్లు అవుతున్నా చేయించుకునేవాళ్లు చేయించుకుంటూనే ఉన్నారు.