రహీం సాబ్ మనవారు కారా?



పోయిన ఆదివారం ఉగాది క్విజ్‌కు ప్రశ్నలు రాస్తూ, "మన క్రీడాకారులు" కింద మేము సయ్యద్ అబ్దుల్ రహీం పేరు రాసాము. "ఆయన ఉర్దూవారు కదా సార్, మనవారు ఎట్లా అవుతారు?" అని ఒకరు కొట్టేసారు. అక్కడ మేము ఏమీ మాట్లాడలేదు. రాత్రంతా నిద్ర పట్టలేదు, అందుకే ఇది రాస్తున్నాము.

రహీం సాబ్ 1909లో హైదరాబాదులో పుట్టారు. బడిలో పాఠాలు చెప్పిన మనిషి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1954 దాకా వరసగా ఐదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన భారత జట్టుకు బంగారు పతకం వచ్చింది.

మరుసటి సంవత్సరం హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో చితక్కొట్టింది. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతోనే ఆడారు. ఆ ఒక్క గోల్ కొట్టింది మన బెంగళూరు అహ్మద్ ఖాన్, అది మరిచిపోకండి!

క్లాసంతా ఫెయిలయితే మంచి పంతులు ఏం చేస్తాడు? మొదటి నుంచి చెప్తాడు. బంతిని ఒక్కడే పట్టుకుని తిప్పుతూ ఉండొద్దు, వెంటనే పక్కవాడికి అందించాలి అని రహీం సాబ్ నేర్పారు. వాటం లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టారు. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానానికి వచ్చాము. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మనం ఎక్కిన ఎత్తు అంతే.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయన ఒంట్లో కేన్సర్. మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా మీద 2-0తో ఓడిపోయాము. డిఫెన్స్ ఆడే జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలి కుట్లు పడి ఉంటే, ఆయన్ని రహీం సాబ్ ముందు వరసకు మార్చారు. ఫైనల్లో మళ్ళీ అదే కొరియా. స్టేడియమంతా మనకు ఎదురుగా అరుస్తోంది. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1. మరుసటి ఏడు జూన్ 11న ఆయన పోయారు.

ఆ జట్టులో తులసీదాస్ బలరాం ఉన్నాడు, సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లవాడు, తమిళ ఇంటివాడు. గోల్ కీపర్ తంగరాజ్ పుట్టింది హైదరాబాదులో. ఇంట్లో ఏం మాట్లాడతావని రహీం సాబ్ అడిగి ఉంటే ఈ జట్టు ఎక్కడిది?

మా సంగతే చూడండి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, వీధిలో కన్నడం. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరాక గుంతకల్లు వైపు స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కున్నాము. ఇప్పటికీ మా ఒత్తులు తప్పుతాయి, మీరు సర్దుకుని చదువుతున్నారు. "మీరు తెలుగువారేనా?" అని సంఘంలో చేరిన రోజు మమ్మల్ని కూడా ఒకరు అడిగారు. మా ఆవిడకు ఆ మాట ఇంకా గుర్తుంది.

ఆ ప్రశ్న వేరే కాగితం మీద మళ్ళీ రాసిపెట్టాము. వచ్చే ఆదివారం తెస్తాము.