రెండు వందలలో ఒకటి

బంగారానికి విలువ కట్టడం లోకం అనుకునేటంత కష్టమైన పని కాదు. ఈ మాట అనడానికి నాకు కాస్త అధికారం ఉంది. భట్టిప్రోలు, రేపల్లె చుట్టుపక్కల బ్యాంకుల్లో 27 ఏళ్ళు కుదువ నగలకు విలువ కట్టి సంసారం ఈదినవాణ్ణి. నగను గీటురాయి మీద గీయడం, ఆమ్లపు చుక్క వేసి చూడడం, రాళ్ళ బరువూ లక్క బరువూ తీసేయడం, మిగిలినదాన్ని ఆనాటి ధరతో హెచ్చవేయడం, అంతే. "మా అమ్మమ్మ నాటి కాసుల పేరండీ, ఇట్లాంటి పనితనం ఇప్పుడెవరు చేస్తారూ?" అని ఆడవాళ్ళు కళ్ళ నీళ్ళు పెట్టుకుంటే "నిజమేనమ్మా" అని ఒప్పుకునేవాణ్ణి. ఒప్పుకుంటూనే, కాగితం మీద ఆ పనితనానికి సున్నా వేసేవాణ్ణి. కరిగిస్తే ఎంత అన్నదే బ్యాంకుకు కావాలి.

అట్లాంటి నన్ను పట్టుకుని కిందటేడు వేసవిలో మా మేనల్లుడు, "మావయ్యా! ఒక కారుకు విలువ కట్టిపెట్టాలి, హైదరాబాదు రావాలి నువ్వు" అన్నాడు.

"కారు సంగతి నాకేం తెలుసురా? మెకానిక్కును పిలువు" అన్నాను.

"మెకానిక్కు ఇంజను చూస్తాడు. నువ్వు అబద్ధం చూస్తావు. నాకు ఆ రెండోది కావాలి" అన్నాడు.

పొగడ్తకు లొంగనివాడెవడు! సరేనన్నాను. కాని అసలు విషయం మా చెల్లెలు చెప్పేదాకా నాకు తెలియలేదు. వాడి దగ్గర ఉన్న డబ్బు చాలదు. చాలని దానికి, పెళ్ళినాడు మా నాన్న దానికి పసుపు కుంకుమల కింద రాసిచ్చిన 70 సెంట్ల మాగాణిలో కొంత అమ్మి ఇస్తానని ఈ మహాతల్లి మాట ఇచ్చింది! "ఒక్కడేగదా అన్నయ్యా, వాడి ముచ్చట వాడిది" అంటుంది. అంచేత నేను విలువ కట్టవలసింది ఒక్క కారుకే కాదని అర్థమైంది.

ఇక కారు సంగతి. స్కోడా వారి ఆక్టేవియా ఆర్ఎస్ 245. చూడ్డానికి నాలుగు తలుపుల సంసారపక్షపు కారే. వెనక డిక్కీలో రెండు బస్తాలు హాయిగా పడతాయి. కాని లోపల ఉన్నది వేరే జీవం. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 245 గుర్రాల బలం. నిలబడ్డ చోటి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 6.6 సెకన్లు చాలునట. 250 దగ్గర కంపెనీవారే కళ్ళెం వేశారు. 2020లో తయారైన కారు తయారైనట్టే విదేశం నుంచి ఓడ మీద తెప్పించి, మన దేశం మొత్తానికి 200 మాత్రమే అమ్మారు. షోరూములో ధర 36 లక్షలకు ఒక వెయ్యి తక్కువ. లైఫ్ టాక్సూ, ఇన్సూరెన్సూ వేరే.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. మామూలు కారుకు విలువ ఎట్లా తరుగుతుందో ఇన్సూరెన్సువాళ్ళు ఒక పట్టిక రాసి పెట్టుకున్నారు. ఆరు నెలల లోపు నూటికి 5 తగ్గిస్తారు. ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, ఆ తరువాత 30, 40, అయిదో ఏడు నిండేసరికి సగం. ఆపైన ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవలసిందే. ఆ ప్రకారం ఈ కారు 18 లక్షలు చేయాలి. అమ్మే ఆసామీ అడిగినది 33 లక్షలు!

"మధ్యన ఉన్న ఈ 15 లక్షలు దేనికిరా?" అని అడిగాను.

"200లో ఒకటి మావయ్యా!"

అంటే బంగారానికి సరిగ్గా తలకిందుల వ్యవహారం అన్నమాట. అక్కడ పనితనానికి సున్నా, లోహానికే విలువ. ఇక్కడ ఇనుముకు, అల్యూమినియానికి విలువ లేదు. దొరకకపోవడానికే విలువ.

మా మేనల్లుడు ఊరికే అన్న మాట కాదు. వాడు చూపించిన కథలు విన్నాక నాకూ ఆశ్చర్యం కలిగింది. మెక్లారెన్ ఎఫ్1 అని ఇంగ్లండులో 1990లలో చేసిన కారు ఉందట. అన్నీ కలిపి 106. అందులో ఒకటి 2021లో కాలిఫోర్నియాలో వేలానికి వస్తే రెండు కోట్ల డాలర్ల పైచిలుకు పలికింది. ఎందుకనుకున్నారు? పాతికేళ్ళలో అది నడిచింది 400 కిలోమీటర్ల లోపే! గంటకు 386 కిలోమీటర్లు పరుగెత్తగల కారును, పరుగెత్తించనందుకు అంత డబ్బు ఇచ్చారు. పెళ్ళికి కట్టిన పట్టుచీరను మడత విప్పకుండా బీరువాలో దాచినందుకు బహుమానం ఇచ్చినట్టుంది!

మరి మన టెండూల్కర్ గారి ఫెరారీ సంగతో? బ్రాడ్‌మన్ 29 సెంచరీలతో సమానమయ్యాడని 2002లో షూమాకర్ చేతుల మీదుగా ఇచ్చిన ఎర్ర కారు. దాని మీద పడ్డ దిగుమతి సుంకమే కోటి రూపాయలు దాటింది. ప్రభుత్వం మాఫీ చేస్తే దేశమంతా గొడవ, చివరికి ఫియట్ కంపెనీవారే కట్టారు. ఆయన 2011లో దాన్ని సూరత్ వ్యాపారి ఒకరికి అమ్మేశాడు. అదే రంగు, అదే ఏడు, అదే ఇంజను ఉన్న మరో ఫెరారీ పక్కన నిలబెట్టండి. రెంటికీ ఒకే ధర పలుకుతుందంటారా? తేడా కారులో లేదు, రిజిస్ట్రేషను పుస్తకంలో ఉంది.

అంచేత హైదరాబాదు వెళ్ళాక నేను కారును చూడలేదు, దాని కాగితాలు అడిగాను. ఆసామీ మర్యాదస్థుడే. కాఫీ ఇప్పించాడు. కారు మీద దుప్పటి కప్పి పసిబిడ్డలా పెంచాడట. మీటరు మీద 14,000 కిలోమీటర్లు. నేను కూర్చుని టైర్లు చూశాను. టైరు పక్కన నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. బంగారానికి హాల్‌మార్కు లాంటిదే. నాలుగు టైర్లూ 2023వి.

"14,000 కిలోమీటర్లకు నాలుగూ అరిగిపోయాయా బాబూ?" అన్నాను.

గుంతలో పడి పగిలాయన్నాడు. నమ్మదగిన మాటే. పలచని అంచు టైర్లు, మన రోడ్లు, పగలకపోతేనే వింత. కాని గుంతలో పడితే ఒక పక్కవి రెండు పోతాయి గాని నాలుగూ ఒకేసారి పోతాయా? బట్టలు తడిసిన మనిషి "వాన" అన్నాడనుకోండి, సరే అంటాం. గొడుగు పొడిగా ఉంటే?

పెయింటు మందం కొలిచే పరికరం మా వాడు తెచ్చాడు. కంపెనీ వేసిన రంగయితే 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. తరువాత లప్పం పెట్టి రంగు వేసిన చోట రెండింతలూ మూడింతలూ చూపిస్తుంది. పైకప్పు, తలుపులు, డిక్కీ అన్నీ సరిగానే ఉన్నాయి. ముందు బంపరు మాత్రం ప్లాస్టిక్కు కనుక ఆ పరికరానికి కనబడదు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ ముద్రను రిజిస్ట్రేషనుతో పోల్చాను. సరిపోయింది. ఇంజను నంబరూ సరే.

సర్వీసు రికార్డు దగ్గరే ఆగిపోయాం. 2022లో 11,000 కిలోమీటర్ల దగ్గర కంపెనీ ముద్ర ఉంది. ఆ తరువాత రెండున్నరేళ్ళు ఏమీ లేదు. తెలిసిన మెకానిక్కు దగ్గర నూనె మార్పించానన్నాడు. బిల్లులు? లేవు. మరునాడు మేము పెట్టుకున్న వర్క్‌షాపువాడు కంప్యూటరుకు తగిలించి ఇంకో ముక్క చెప్పాడు. ఇంజను, గేర్లు ఆరోగ్యంగానే ఉన్నాయి గాని, బలం పెంచడానికి లోపలి ప్రోగ్రాము ఎప్పుడో మార్చిన జాడ ఉందట. కుర్రకారు అందుకు ఎక్కువ ఇస్తారు. దాచుకునేవాడు అందుకే తగ్గిస్తాడు. కంపెనీ పంపిన స్థితిలో ఉండడమే వాడికి ముఖ్యం.

"కారు బావుందిగా మావయ్యా, రెండేళ్ళ కాగితాలు లేకపోతే ఏమైంది?" అని మా వాడు గింజుకున్నాడు.

వాడికి మన ఊరి దిబ్బను గుర్తుచేశాను. మా భట్టిప్రోలు బౌద్ధ స్తూపం సంగతి పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది. దాని ఇటుకలూ పాలరాళ్ళూ పందొమ్మిదో శతాబ్దంలో రోడ్డుకూ కాలువ పనులకూ తరలిపోయాయి. అప్పటి ఇంజనీర్లు దానికి కట్టిన విలువ బండి ఇటుక ధర. ఆ మిగిలినదానిలోనే 1892లో అలెగ్జాండర్ రీ దొరగారు తవ్వితే రాతి పేటికలు, వాటిలో స్ఫటికపు భరిణ బయటపడ్డాయి. స్ఫటికం అపురూపమే, కాదనను. కాని ఆ పేటిక మీద కురుడి తండ్రి, కురుడి తల్లి, కురుడు, శివుడు కలిసి బుద్ధుని ధాతువులు ఉంచడానికి ఇది చేయించారని అక్షరాలు చెక్కి ఉన్నాయి. రెండువేల ఏళ్ళు దాటిన ఆ అక్షరాల కోసమే భట్టిప్రోలు పేరు ప్రపంచంలో పండితులకు తెలిసింది. ఆ రెండు పంక్తులు లేకపోతే అదొక అందమైన గాజుబుడ్డి. "నీ కారుకు రెండున్నరేళ్ళ అక్షరాలు చెరిగిపోయాయిరా. బుడ్డికి డబ్బిస్తావా, శాసనానికి ఇస్తావా?" అన్నాను. సమాధానం చెప్పలేదు గాని కాఫీ మాత్రం పూర్తిగా తాగలేదు.

ఆ రాత్రి నేను రెండు ధరలు రాసిచ్చాను. వాడుకునే కారుగా 18, సాక్ష్యం పూర్తిగా ఉన్న అరుదైన వస్తువుగా 33. ఉన్న సాక్ష్యానికి 26, మహా అయితే 27. అయితే 18 దాటిన ప్రతి రూపాయీ రేపు ఇంకొకడికి ఇదే పిచ్చి ఉంటుందన్న నమ్మకం మీద పెట్టేది. అది సొంత జీతంలోంచి పెట్టుకోవచ్చు. అమ్మ పొలంలోంచి పెట్టడానికి వీల్లేదు. పొలం ఏడాదికోసారి కౌలు తెచ్చి పెడుతుంది. కారు ఏడాదికోసారి ఇన్సూరెన్సు అడుగుతుంది. కదపకుండా ఉంచినా బ్యాటరీ చస్తుంది, టైరు ముసలిదవుతుంది. పైగా యాభై ఏళ్ళు దాటితే గాని ప్రభుత్వం 'వింటేజ్' అని ప్రత్యేకం నంబరు ఇవ్వదు. అప్పటిదాకా కొత్తదీ కాదు, పురాతనమూ కాదు.

ఫోనులో చెల్లెలు నా మీదే విసుక్కుంది. "మీ నాన్న నాకిచ్చింది, నేను నా కొడుక్కిస్తాను. నీకేం అన్నయ్యా?" అంది. నిజమే, నాకేమీ కాదు. కాని ఆ పసుపు కుంకుమల దస్తావేజు మీద సాక్షి సంతకం నాది. "వాడికి తక్కువైన డబ్బు వాడే కూడబెట్టుకోనీ, ఆరు నెలలు ఆగు. ఆ తరువాత నువ్వు అమ్ముతానంటే ఇంకో సంతకం కూడా నేనే పెడతాను" అన్నాను. ఆగింది. మనసులో ఎంత తిట్టుకుందో నాకు తెలియదు.

ఈలోగా 2025 అక్టోబరులో అదే కంపెనీవారు కొత్త ఆర్ఎస్ తెచ్చారు. 265 గుర్రాల బలం, 50 లక్షలకు ఒక వెయ్యి తక్కువ, దేశానికి 100 కార్లు. వందకు వందా అమ్ముడుపోయాయి. ఆసామీ వెంటనే ఫోను చేసి, చూశారా, పాతదాని విలువ పెరిగిపోయింది, ఇక 34 అన్నాడు. మా వాడు కంగారుపడి నన్నడిగాడు. "పెరగనూవచ్చు, తరగనూవచ్చురా. 200లో ఒకటి అనుకున్నది ఇప్పుడు 300లో ఒకటి అయింది. కొనగల మొనగాళ్ళలో వందమందికి ఆకలి తీరిపోయింది. నువ్వు ఊరుకో" అన్నాను.

ఊరుకున్నాడు, పాపం. మోటారు సైకిలు అమ్ముకున్నాడు, ఒక ఫారిన్ ప్రయాణం మానుకున్నాడు. డిసెంబరు నెలాఖరుకు ఆసామీయే మళ్ళీ పిలిచి 27కు ఇచ్చాడు. పొలం కదలలేదు.

మొన్న సంక్రాంతికి కారు మా ఊరు వచ్చింది. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా మేనల్లుడి ప్రాణం గొంతులోకి వచ్చిందట. వీధిలో వాళ్ళంతా మూగి అడిగిన మొదటి ప్రశ్న "లీటరుకు ఎంత ఇస్తుంది బాబూ?" అని. రెండోది "డీజిలు తీసుకోకపోయావా?" అని. 245 గుర్రాల మాట ఎవరూ ఎత్తలేదు.

మా చెల్లెలు పసుపు రాసి, కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. పెయింటు మీద పసుపు పడితే మరక పోతుందో లేదోనని మా వాడు నాకేసి దీనంగా చూశాడు. నేను వినిపించుకోలేదు. ఆవిడ అక్కడితో ఆగిందా! "తెనాలి వెళ్ళి మీ పిన్నిని చూసి వద్దాం పదరా" అని ముందు సీట్లో కూర్చుంది. వెనక నేనూ మా ఆవిడా, మా మధ్య అరిసెల డబ్బా.

"అమ్మా, ఊరికే తిప్పితే మీటరు పెరుగుతుంది, విలువ తగ్గుతుంది" అన్నాడు వాడు, సగం నవ్వుతూ, సగం నిజంగా.

"తగ్గనీరా. రైలు పక్కనే రోడ్డు, రైలును దాటించు చూద్దాం" అంది మా చెల్లెలు.

వేమూరు దాకా బుద్ధిగానే నడిపాడు. ఆ తరువాత దారి ఖాళీగా కనబడ్డ ఒక్క చోట కాలు కాస్త నొక్కాడు. నా వీపు సీటుకు అతుక్కుపోయింది, మా ఆవిడ వేంకటేశ్వరస్వామిని తలుచుకుంది, డబ్బా మూత ఊడి అరిసెలు నా ఒళ్ళో పడ్డాయి. మా చెల్లెలు మాత్రం వెనక్కు తిరిగి నా వంక చూసి, "అన్నయ్యా, దీనికి ఎంత కట్టావు?" అని అడిగింది.