చీటీ మీద లేని పేరు

మా ఊరు చంద్రగిరి. మిద్దె ఎక్కితే ఒక పక్క కోట, ఇంకో పక్క శేషాచలం కొండలు. పుట్టినప్పటినుంచీ చూస్తున్న ఆ కొండల్లోకి నేను మొదటిసారి అడుగుపెట్టింది వృక్షశాస్త్రంలో పరిశోధనకు చేరాకే. మా ఇంటి ఆడవాళ్లు కొండకు పోరు. కట్టెలు కొట్టి తెచ్చి మా గుమ్మంలో దించే ఆడవాళ్లు మాత్రం రోజూ పోయేవాళ్లు. ఆ తేడా అప్పట్లో నా కంటికి ఆనలేదు.

"ఆడపిల్లవి, కొండలెక్కే టాపిక్ ఎందుకమ్మా? టిష్యూకల్చర్ చేసుకో, నీడపట్టున అయిపోతుంది" అన్నారు మా గైడు. నాతోపాటు చేరిన అబ్బాయికి ఆ సలహా ఇవ్వలేదు. నేను పట్టుబట్టాను. నాన్న ఒప్పుకున్నాడుగానీ తమ్ముణ్ణి తోడు పంపాడు. పదో తరగతి చదివే పిల్లవాడు పరిశోధకురాలికి కాపలా! వాడు చెట్టుకింద నిద్రపోయేవాడు.

తలకోన వైపు నాకు దారి చూపింది ఒక యానాది ఆమె. అవ్వా అని పిలిచేదాన్ని. నేను వెతుకుతున్నది పేరీత. దూరానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది. ఈ కొండల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. మద్రాసు అటవీశాఖలో పనిచేసిన బెడ్డోమ్ అనే అధికారి పేరుమీద 1883లో డయ్యర్ దానికి సైకస్ బెడ్డోమి అని పేరు పెట్టాడు. ఇందులో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. మగచెట్టు నెత్తిన లేచే శంకువును మందుకని కోసుకుపోతారు.

"మొగపువ్వు కోసుకోని పోతే ఆడచెట్టుకు కాయ యాడిది పాపా?" అందామె నడుస్తూనే.

నా థీసిస్‌లో ఆ మాట రెండు పేజీలయింది. పరాగసంపర్క లోపం, పునరుత్పత్తి వైఫల్యం, నా పరిశీలన.

మొక్కల్ని ఆరబెట్టి అట్టకు కుట్టాక మూల ఒక చీటీ అంటిస్తాం. పేరు, చోటు, తేదీ, సేకరించినవారు. ఒకరోజు అవ్వ అడిగింది, "దాంట్లో ఏం రాసినావు?" అని.

"చెట్టు పేరు, ఊరు, తేదీ, నా పేరు."

"ఓ" అంది. చెట్టు దగ్గరికి నడిపించిందీ, కొమ్మ వంచిందీ ఆమె. సేకరించింది నేనట. థీసిస్ ముందుమాటలో మాత్రం 'స్థానిక గిరిజనులకు' కృతజ్ఞతలు చెప్పుకున్నాను. గైడు నన్ను నీడపట్టుకు తోయబోయాడన్న కోపం ఇన్నేళ్లూ మోశాను. అదే థీసిస్‌లో నేను ఆమెను గడప బయటే నిలబెట్టానని తట్టడానికి చాలా కాలం పట్టింది.

ఏటా మొదటి క్లాసులో జానకి అమ్మాళ్ కథ చెబుతాను. 1897లో తలస్సేరిలో తియ్య కులంలో పుట్టి, 1931లో మిచిగన్ నుంచి డాక్టరేటు తెచ్చుకుని, కోయంబత్తూరులో చెరకుమీద పనిచేసిన మనిషి. ఇంగ్లండులో ఒక మాగ్నోలియా రకానికి ఆమె పేరుంది. ఆడపిల్లల కళ్లు మెరుస్తాయి. 1955లో ప్రిన్స్‌టన్ సదస్సులో ఏకైక స్త్రీగా ఆమె మాట్లాడింది మన జీవనాధార ఆర్థిక వ్యవస్థ గురించే. ఆ సంగతి నేను క్లాసులో చెప్పడం ఈమధ్యే మొదలుపెట్టాను.

పిల్లల కోసం పని ఆపి తిరిగొచ్చే స్త్రీ శాస్త్రవేత్తలకు కేంద్రం పథకాలు పెట్టింది. కావాల్సినవే, నాకూ కలిసొచ్చాయి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం సంప్రదాయ జ్ఞానం ఉన్నవాళ్లకు ప్రయోజనంలో వాటా ఇవ్వాలంటుంది. వాటా సంగతి అటుంచండి, పేరో?

ఇప్పుడు నేనే గైడుని. మా చీటీల్లో 'చూపించినవారు' అని ఒక గడి చేర్చాను. ఘనకార్యం చేశాననుకున్నాను కూడా. ఎస్టీ కాలనీ నుంచి వచ్చి నా దగ్గర చేరిన అమ్మాయి ఆ గడి చూసి, "రిజర్వు ఫారెస్టులో ఆకు తెంపిందని మా అవ్వ పేరు ఇందులో ఉంటే, రేపు గార్డు వచ్చి ఎవరిని పట్టుకుంటాడు మేడమ్?" అంది. నాకు జవాబు దొరకలేదు. ఇప్పుడు ముందు అడిగి, ఒప్పుకుంటేనే రాస్తున్నాం. సగంమంది వద్దంటారు.

నా అవ్వ పేరు ఇక్కడా రాయడం లేదు. అడగడానికి ఆమె లేదు. మొన్న వేసవిలో వాళ్ల మనవణ్ణి వెతుక్కుంటూ వెళ్లాను. పాత చీటీల నకళ్లు చూపించి, ఆమె పేరు చేర్చమంటావా అని అడిగాను. వాళ్లమ్మనడిగి చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు.