ఒక్క కొలతతో తేల్చకండి



పరిశోధన ల్యాబ్‌లో ఈఈజీ తీయడం నా పని. మా అమ్మాయి ఇక్కడే ఏడో తరగతి చదువుతోంది.

మీరు కుడిచేతి వేలు కదపాలనుకోండి. సుమారు 2 సెకన్ల ముందే మెదడు ఎడమవైపున, చేతిని నడిపే భాగంలో 8–13 హెర్ట్జ్ తరంగాల బలం తగ్గడం మొదలవుతుంది. తగ్గిందంటే మెదడు నీరసించిందని కాదు, ఆ భాగం పనిలోకి దిగిందని. కదలిక ఆగాక 20 హెర్ట్జ్ దగ్గరి తరంగాలు పుంజుకుంటాయి. ఈ మార్పును కొలిచే పద్ధతికి 1970లలో దారి వేసినవారు ఆస్ట్రియా శాస్త్రవేత్త గెర్ట్ ఫుర్ట్‌షెల్లర్.

ఒక్కసారి వేలు కదిపిస్తే గ్రాఫ్‌లో ఏమీ తేలదు. పదుల సార్లు కదిపించి సగటు తీస్తాం. ఆ సగటును పోల్చేది అదే మనిషి విశ్రాంతి స్థాయితో, పక్కవాళ్లతో కాదు.

పోయిన నెల వీకెండ్ టెస్ట్‌లో మార్కులు తగ్గాయని మా అమ్మాయి అన్నం ముట్టలేదు. "మిగతావాళ్లకెంత?" అని నేను అడగలేదు. ఇద్దరం కూర్చుని నాలుగు వారాల పేపర్లు పక్కపక్కన పెట్టాం. తగ్గింది ఫిజిక్స్‌లోనే, అదీ కొత్త పాఠం మొదలైన వారం. అది తనే కనిపెట్టింది, తర్వాత అన్నం తింది.

ఈసారి మార్కుల మెసేజ్ వచ్చినప్పుడు, మీరూ ముందు మీ బిడ్డ పాత పేపర్లు తీయండి.