రేవు మెట్టు మీద మడమ

కొవ్వూరు గోష్పాద రేవుకి పొద్దున్నే వెళ్తే స్నానాలకొచ్చినవాళ్లే కనిపిస్తారనుకున్నాను. ఆ రోజు ఒకాయన గోదారికి వీపు పెట్టి, మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి ఉన్నాడు. రెండు కాళ్లతో పైకి లేచి, ఎడమ కాలు తీసేసి, కుడి మడమని మెట్టు కిందికి మెల్లగా దించుతున్నాడు. పిక్క పడవతాడులా బిగుసుకుంటోంది. పక్కనున్న ఫిజియో కుర్రాడు “పదకొండు” అన్నాడు.

పెద్దాయనది ఇసుక పడవ పని. ఏట్లో మునిగి బకెట్టుతో ఇసుక తోడి పడవలోకి ఎత్తాలి. ఆర్నెల్లుగా మడమ వెనక నొప్పి. పొద్దున్నే మంచం దిగితే మొదటి పది అడుగులూ నరకమేనట. నెల్లాళ్లు పని మానేసి పడుకున్నాడు. పడుకున్నన్నాళ్లూ బాగానే ఉంది, పడవెక్కగానే మళ్లీ మొదటికొచ్చింది. “నరం వాచిందన్నారండి,” అన్నాడు. “నరం కాదు బాబాయ్, పిక్క కండని మడమ ఎముకకి కట్టిన తాడు అది. పని లేకపోతే ఆ తాడు ఇంకా నీరసపడిపోద్ది,” అన్నాడు ఫిజియో.

ఈ కసరత్తు వెనక ఒక కథ ఉంది. స్వీడన్‌లో హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టరుకి పరుగంటే ప్రాణం. ఆయనకే ఈ నొప్పి వచ్చింది. ఆపరేషన్ చెయ్యమంటే పై డాక్టరు ఒప్పుకోలేదు. తాడు తెగితే చెయ్యక తప్పదు కదా అని మడమ మీద బరువు మోపడం మొదలుపెట్టాడు. తెగలేదు సరికదా, నొప్పే పోయింది. 1998లో 15 మంది పరుగువాళ్ల మీద చేసిన పరిశోధన ప్రకటించాడు: మోకాలు నిటారుగా పెట్టి 15 చొప్పున మూడుసార్లు, కాస్త వంచి ఇంకో మూడుసార్లు, రోజూ రెండు పూటలు, 12 వారాలు. అంటే రోజుకి 180 సార్లు మడమ దించాలి. పదిహేను మందీ మళ్లీ పరుగెత్తారు. తర్వాతి పరిశోధనల్లో అందరికీ అంత బాగా పనిచెయ్యలేదు. అయినా తాడుకి కావలసింది ఓపికగా పెంచే బరువేనన్న మాట నిలబడింది.

అక్కణ్ణుంచి ఊళ్లో ఫిజియో గదికి వెళ్లాం. నాట్లు వేసే ఒకావిడ నడుం నొప్పితో వచ్చింది. “పొద్దస్తమానం ఒళ్లొంచే పనే చేత్తన్నాను, మళ్లీ కసరత్తేంటి బాబూ?” అంది. “రోజంతా ముందుకే వంగుతున్నావమ్మా. వెనక్కి ఒక్కసారైనా వంగావా?” ఆవిడ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. పని వేరు, కసరత్తు వేరు. పని ఒకే కండని ఒకే తీరున అరగదీస్తుంది. కసరత్తు పని మరిచిపోయిన కండని వెతికి పట్టుకుంటుంది.

నాకు నడుం పట్టేసినప్పుడు ఒక డాక్టరు మూడు వారాలు చెక్కబల్ల మీద పడుకోమన్నారు. లేచేసరికి తొడలు సన్నబడ్డాయి, మెట్లెక్కడానికి గోడ పట్టుకున్నాను. ఆ మూడు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. కాలు చచ్చుబడినా, మూత్రం పట్టు తప్పినా, నొప్పితో జ్వరమొచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అవి లేని మామూలు నడుం నొప్పికి తిరుగుతూ ఉండడమే మేలని ఇప్పుడు వైద్యులే చెబుతున్నారు.

ఫిజియో గదిలో బల్ల మీద కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లు కానిస్టేబులు పరీక్ష 1600 మీటర్ల పరుగుకి తయారవుతున్నారు. ఏడాదంతా కుర్చీలో చదివి, ఒక్కసారిగా రోజూ అయిదు కిలోమీటర్లు మొదలెట్టారట. ఇద్దరికీ ముంగాలి ఎముక సలుపు. ఫిజియో వాళ్లకి బ్యాడ్మింటన్ ఆడే పి.వి. సింధు సంగతి చెప్పాడు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచాక ఆమె చీలమండలో ఎముక పగులు బయటపడింది. మళ్లీ పోటీకి దిగింది 2023 జనవరిలో. “ఆ అమ్మాయే అయిదు నెలలు ఆగింది. మీరు రెండు వారాలు ఆగలేరా?” దూరం సగానికి తగ్గించాడు, పిక్కల కసరత్తు పెట్టాడు.

సాయంత్రం మళ్లీ రేవుకెళ్లాను. రోడ్డు కం రైలు వంతెన మీద బండి పోతోంది. పెద్దాయన రెండో పూట మొదలుపెట్టాడు. ఇది అయిదో వారం. నొప్పి లేకుండా పదిహేనూ అయ్యాయి కాబట్టి ఇక వీపు మీద బరువు కట్టుకోవాలన్నాడు ఫిజియో.

“ఏం కట్టమంటారండి?”

“రెండు కిలోల ఇసుక చాలు బాబాయ్.”

“ఆయ్, ఇసకా!” అంటూ పెద్దాయన చేతిసంచీ పట్టుకుని నీళ్ల వైపు దిగాడు.