మొదటి ఎర్రర్ ఎక్కడుంది?

ఆరు నుండి పది వరకు మన హాస్టల్ అన్నం తిని చదువుకున్నవాణ్ణి. ఇప్పుడు ఎం.సి.ఎ. చివరి సంవత్సరం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసింది నేనే మొదట. సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగితే, నా నిద్ర కాజేసిన జెంటూ గుర్తొచ్చింది.

జెంటూ ఒక లినక్స్. 1.0 వెర్షన్ 2002లో వచ్చింది. నీళ్ళలో అతి వేగంగా ఈదే పెంగ్విన్ జాతి పేరు దానిది. మిగతా లినక్స్‌లు మెస్ భోజనం లాంటివి, వండి వడ్డిస్తాయి. ఇక్కడ బియ్యం ఇస్తారు, వండుకోవడం మన పని. 2023 డిసెంబరు నుండి వండినవీ ఇస్తున్నారు గానీ, నా ప్రాజెక్టు కంపైలర్ల మీద. ఎల్‌ఎల్‌విఎం సోర్సులో మార్పులు చేసి నేనే కంపైల్ చేసుకోవాలి.

నా లాప్‌టాప్ పాతది. స్కాలర్‌షిప్పుకు అమ్మ కూలి డబ్బులు కలిపి కొన్నాం. నాలుగు కోర్లు, 4 జీబీ ర్యామ్. సోమవారం రివ్యూ అనగా శనివారం రాత్రి కంపైల్ ఆగిపోయింది. తెర నిండా ఎర్ర అక్షరాలు. పక్కనున్న మిత్రుడు, "ఇవన్నీ మనకెందుకురా, ఫార్మాట్ కొట్టెయ్" అన్నాడు. మంచివాడే. కానీ ఆ "మనకెందుకు" నేను ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకుంటానన్న నాటి నుండీ వింటున్నదే.

తెలుగు మీడియం వాళ్ళకు ఆ తెర చూస్తే గుండె జారుతుంది. నిజానికి చివరి లైన్లు పని ఆగిందని చెబుతాయంతే, ఎందుకు ఆగిందో చెప్పవు. నాలుగు పనులు ఒకేసారి నడుస్తుంటాయి కదా, ఒకటి చచ్చినా మిగతా మూడూ తమ మాటలు రాస్తూనే పోతాయి. అసలు కారణం వాటి కింద పడిపోతుంది. అందుకే బిల్డ్ లాగ్ తెరిచి పైకి వెళ్ళాలి. "ఎర్రర్" అన్న మాట మొదట ఎక్కడ వచ్చిందో పట్టుకోవాలి. హెడర్ ఫైలు దొరకలేదనో, డిస్కులో చోటు లేదనో అక్కడే ఉంటుంది.

నా లాగ్‌లో కోడ్ తప్పేమీ లేదు. "కిల్డ్" అని ఒక్క మాట. ఎవరు చంపారు? డీమెసేజ్ ఆజ్ఞ కొట్టి చూస్తే దొరికింది. మెమరీ చాలక కెర్నెలే కంపైలర్‌ను చంపేసింది. ఒక్కో పనికి 2 జీబీ ఉండాలని జెంటూ చేతిపుస్తకం చెబుతుంది. మనం ఏమీ చెప్పకపోతే పోర్టేజ్ కోర్లు లెక్కపెట్టి నాలుగు పనులు పెడుతుంది. అంటే 8 జీబీ కావాలి. ఉన్నది సగం.

మేకాప్ట్స్‌లో జె1 అని పెట్టి, 4 జీబీ స్వాప్ ఇచ్చి, బొమ్మల డెస్క్‌టాప్ మూసేసి మళ్ళీ ఎమర్జ్ కొట్టాను. బ్యాటరీ అరగంటకు మించి ఆగదు, కరెంటు పోతే మళ్ళీ మొదటికే. ఆ రాత్రి ఫ్యాను తిరుగుతోందా లేదా అని ఎన్నిసార్లు లేచానో! ఆదివారం మధ్యాహ్నానికి పూర్తయింది. సోమవారం రివ్యూ జరిగింది.

సంక్రాంతి సెలవులకు హాస్టల్‌కు వస్తాను. ఇలాంటి లాగ్ ఎవరి దగ్గరున్నా తీసుకురండి. తెర ఫోటో కాదు తమ్ముళ్ళూ, మొత్తం ఫైలు.