నల్లబల్ల ముచ్చట్లు – 14 : డియర్ డాక్టర్

పోయిన గురువారం మూడో పీరియడ్ అయినంక మా ఫైనలియర్ పిలగాడొకడు స్టాఫ్ రూం బయట నిలబడ్డడు. లోపలికి రమ్మంటే రాడు. నేనే బయటికి పోయిన. ఫోన్ నా చేతికిచ్చి, "మేడమ్, ఈ ఇంగ్లీషు ఒక్కసారి చదివి చెప్పుండ్రి, నాకు లాభమేనా" అన్నడు. ల్యాప్‌టాప్ ఆన్‌లైన్ల అమ్మకానికి పెట్టిండట. కెనడా నుంచి ఒకాయన కొంటనంటున్నడు. వీడు అడిగిన ధర కంటే పది వేలు ఎక్కువిస్తడట, కొరియర్ ఖర్చు కూడా ఆయనే పెట్టుకుంటడట. ల్యాప్‌టాప్ మాత్రం ఆయనకు కాదు, వేరే దేశంల చదువుకుంటున్న ఆయన చెల్లె కొడుకుకు పుట్టినరోజు కానుకట.

చదువుతుంటే నా చేతులు చల్లబడ్డయి. పేర్లు మారినయి, దేశం మారింది, గానీ ఆ ఉత్తరం నాకు తెలుసు. అది నాకొచ్చిన ఉత్తరమే.

ఈ సంగతి ఇప్పటిదాక ఎవరికీ చెప్పలే. అమ్మకు సగం చెప్పిన. మీటింగులల్ల గంట సేపు మాట్లాడేదాన్ని, మోసపోయిన అని చెప్పుకునేటందుకు మాత్రం నోరు రాలే. మన ఇండ్లల్ల మొదటిసారి చదువుకున్నోళ్లకు ఇదొక రోగం. వాడకట్టు మొత్తానికి దరఖాస్తులు రాసిపెట్టేది మనమే, బ్యాంకు కాయితాలు చదివి చెప్పేది మనమే. అసుంటి మనమే బోల్తా పడితే ఎవరి ముందు చెప్పుకుంటం? ఆ పిలగాని మొఖం చూసినంక రాద్దామనిపించింది.

2018. నా దగ్గర నికాన్ కెమెరా ఒకటి ఉండె. పీహెచ్‌డీల ఉన్నప్పుడు ఫెలోషిప్ ఏరియర్స్ ఒక్కసారే పడితే, లెన్స్‌తోని కలిపి లక్షన్నర దాక పెట్టి కొన్న. అమ్మ మూడు రోజులు నాతోని మాట్లాడలే. ఇల్లు కురుస్తున్నది, నీకు ఫోటోల డబ్బా కావాల్నా అని. కానీ నా పని అసుంటిది. డక్కలోళ్లు పటం విప్పి జాంబపురాణం చెప్తుంటే తీయాలె, చిందోళ్లు ముఖానికి రంగేసుకుంటుంటే తీయాలె. అంతా రాత్రి పూటనే. వాడల ఒక్క బల్బు కింద జరిగే ఆట చిన్న కెమెరాలకు అందదు, నల్లటి మొఖాలు ఇంకా నల్లగై చీకట్ల కలిసిపోతయి. అందుకే అంత ఖరీదుది. అలక తీరినంక అమ్మనే తన పాత చీర చింపి, లోపల దూది పెట్టి, లెన్స్‌కు సంచి కుట్టిచ్చింది.

అమ్ముడెందుకంటే, చెల్లె నర్సింగ్ పూర్తయింది. రీయింబర్స్‌మెంట్ పడలేదని ఆ కాలేజీ సర్టిఫికెట్లు ఆపింది. సర్టిఫికెట్లు లేంది కొలువు లేదు. నేనప్పుడు గెస్ట్ లెక్చరర్‌ని. పీరియడ్ లెక్కన జీతం, అది కూడా ఐదు నెలలుగా రాలే. ఇంట్ల అమ్మేటందుకు బంగారం లేదు, కెమెరా ఉంది.

డెబ్బై ఐదు వేలకు పెట్టిన. ముందు ఫోన్ చేసినాయన నా పేరడిగిండు, చెప్పిన. ఇంటిపేరడిగిండు. కెమెరాకు ఇంటిపేరెందుకని అడిగితే నవ్విండు. మళ్ల చేయలే. ఇంకొకాయన ఇంటికే వచ్చిండు. కాలనీ బోర్డు చదువుకుంటనే వచ్చిండు, హాల్ల బాబాసాహెబ్ ఫోటో చూసిండు. కెమెరాను అటు తిప్పి ఇటు తిప్పి "బిల్లుందా" అన్నడు. ఇచ్చిన. బిల్లు మీద నా పేరు చదివినంక కూడా "ఇది మీదేనా" అన్నడు. అమ్మ తెచ్చిన నీళ్ల గ్లాసు ముట్టుకోలే. నలభై వేలకిస్తరా అని అడిగి లేచిండు.

ఆ రాత్రే మెసేజ్ వచ్చింది. మాంచెస్టర్ నుంచట. మొదటి మాటే "డియర్ డాక్టర్".

ప్రకటనల నా పేరు ముందు డాక్టర్ అని పెట్టుకున్న. ఎందుకు పెట్టుకున్ననో మీకు తెలుసు. మా కాలేజీల నన్ను అట్ల పిలిచినోళ్లు లేరు. నా వెనక "కోటా పీహెచ్‌డీ" అనుకునేటోళ్లయితే ఉన్నరు. ఈయన ప్రతి మెసేజ్‌ల డాక్టర్ అంటడు, కృతజ్ఞతలు అంటడు, అమ్మ ఆరోగ్యం అడుగుతడు. ఇంటిపేరు అడగడు. బేరం ఆడడు. తొంభై వేలిస్తనన్నడు, పంపే ఖర్చుకు పన్నెండు వేలు వేరే. లాగోస్‌ల ఉన్న తన బంధువుకు పంపమన్నడు. ఇంత ఎక్కువెందుకు ఇస్తున్నడు, మాంచెస్టర్ల కెమెరా దుకాణాలు లేవా అన్న అనుమానం రాలేదని చెప్పను. వచ్చింది. నీళ్లు ముట్టని ఆయనను తలుచుకొని ఆ అనుమానాన్ని నేనే నొక్కేసుకున్న. మోసగాళ్లు ఆశను పట్టుకుంటరని అందరు చెప్తరు. నాలో వాడు పట్టుకున్నది ఆశ ఒక్కటే కాదు.

మర్నాడు ఈమెయిల్. విదేశీ చెల్లింపులు చేసే పేరున్న కంపెనీ గుర్తు, రంగులు, కింద సన్నక్షరాల షరతులు. లక్షా రెండు వేలు నా పేరున జమైనయట, కానీ "పెండింగ్"ల ఉన్నయట. పార్సిల్ పంపిన రసీదు నంబరు ఇస్తే విడుదల చేస్తరట. అమ్మినోళ్లకూ కొన్నోళ్లకూ రక్షణ కోసమే ఈ పద్ధతి అని రాసుంది. న్యాయంగనే అనిపించింది.

పంపిన. కస్టమ్స్ కాయితంల వెల తక్కువ రాయమన్నడు, బంధువుకు పన్ను పడకుండ. రాసిన. అది రెండు తప్పులు ఒక్కసారే చేసుడు. తప్పుడు వెల రాసుడే నేరం, పైగా దారిల పార్సిల్ పోతే రాసిన వెలకు మించి పరిహారం అడిగేటందుకు లేదు. లెన్స్‌ను అమ్మ కుట్టిన సంచిలనే పెట్టిన.

నంబరు పంపిన తెల్లారి ఇంకో ఈమెయిల్. నా ఖాతా చిన్నదట, అంత పెద్ద మొత్తం పట్టదట, అందుకని కొన్నాయన ఇంకో ఇరవై ఐదు వేలు ఎక్కువ కట్టిండట. ఆ ఇరవై ఐదు వేలు నేను ఆయనకు తిరిగి పంపితే మొత్తం పడతదట. అప్పుడు కండ్లు తెరిచిన. మెయిల్‌ల లింకు నొక్కకుండ, నా అంతట నేనే ఆ కంపెనీ సైటుల లాగిన్ అయి చూసిన. సున్నా. ఈమెయిల్‌ల పంపినోళ్ల పేరు మీద వేలు పెడితే అసలు చిరునామా కనిపించింది. ఎవరైనా ఊరికే తీసుకునే మామూలు మెయిల్ అడ్రసు. ముందురోజే వేలు పెట్టి చూసుంటే అయిపోవు. వ్యాకరణం చెప్పి బతికేదాన్ని, ఆ ఉత్తరంల ఇంగ్లీషు తప్పులు కూడా అప్పుడే కనిపించినయి.

పార్సిల్ దేశం దాటింది. పోలీస్ స్టేషన్‌కు పోయిన. రైటర్ అంతా విని, "డబ్బులేం పంపలే కదమ్మా, వస్తువు నువ్వే పంపినవ్, ఏమని రాయాలె" అన్నడు. తర్వాత, "ఇంత కెమెరా నీకెక్కడిది? బిల్లుందా?"

రెండోసారి.

మోసం చేసి వస్తువు ఇప్పించుకున్నా అప్పటి 420 కిందికే వచ్చేదని, ఐటీ చట్టంల 66డి ఉన్నదని, కాగ్నిజబుల్ నేరం చెప్తే కేసు కట్టితీరాలని 2013ల లలిత కుమారి కేసుల సుప్రీంకోర్టు చెప్పిందని నాకు ఇప్పుడు తెలుసు. ఆరోజు తెల్వదు. బిల్లు చూపించి, దరఖాస్తు ఇచ్చి, రసీదు లేకుండ ఇంటికొచ్చిన. వస్తుంటే వెనకనుంచి కానిస్టేబుల్ ఒకాయన సానుభూతిగనే అన్నడు, "ఆ నల్లోళ్లంతా గింతే మేడమ్, పుట్టుకతోనే దొంగలు."

ఆ మాట నాతోని చాన రోజులున్నది. మా వాడ గురించి ఇదే మాట ఇదే గొంతుతోని విన్న. లాగోస్ అన్నది కాయితం మీది అడ్రసు మాత్రమే. ఆ కీబోర్డు ముందు కూసున్నది ఎవరో నాకు ఇప్పటికీ తెల్వదు. 2024ల, డేటా ఎంట్రీ కొలువులని మన పిలగాండ్లను కంబోడియాకు పంపి, అక్కడ బలవంతంగ ఇసుంటి మోసాలు చేయించిన సంగతి విశాఖ పోలీసులు బయటపెట్టిండ్రు. ఆ వార్త చదివినంక, నన్ను డియర్ డాక్టర్ అన్నది తెలుగు పిలగాడే అయుండొచ్చా అని కూడా అనిపించింది. వాని మీద కోపం పోలే. ఆ కానిస్టేబుల్ మాటకు మాత్రం తల ఊపలేను.

చెల్లె సర్టిఫికెట్లు ఎట్ల వచ్చినయంటే, అప్పు. నూటికి మూడు రూపాయల మిత్తి. ఇరవై రెండు నెలలు కట్టిన.

మా పిలగానికి ఇదంతా చెప్పలే, కొంత చెప్పిన. దూరదేశం బేరం వద్దేవద్దన్న. వానికొచ్చింది నకిలీ మెయిల్ కాకున్నా, నిజంగనే డబ్బు పడ్డా గండం తీరదు. కార్డుతోని కట్టినోడు నెలల తర్వాత కూడా బ్యాంకుకు పోయి ఈ కొనుగోలు నేను చేయలే అనొచ్చు. అది దొంగ కార్డయితే అసలు ఓనరే వచ్చి అంటడు. డబ్బు వెనక్కి పోతది, వస్తువు రాదు. కట్టినోని అడ్రసు ఒకటి, పంపమన్న అడ్రసు ఇంకొకటి అయితే చెల్లింపు కంపెనీలు కూడా మన పక్కన నిలబడవు. కెనడాల కేసేసేటందుకు మనకెవరున్నరు? ఊర్ల అమ్ముకుంటే ధర తక్కువొస్తది, నాకు తెలుసు. బస్టాండు కాడనో బ్యాంకులనో నలుగురి నడుమ, డబ్బు మన ఖాతాల పడ్డది మన కండ్లతోనే చూసుకొని ఇయ్యాలె. అక్కడ కూడా క్యూఆర్ పంపి, డబ్బులు రావాలంటే పిన్ కొట్టు అన్నోడుంటే లేచి రావాలె. పిన్ డబ్బు పంపేటందుకే. ఇప్పుడు 1930 ఉన్నది. డబ్బు పోయిన గంటల్లనే చేస్తే బ్యాంకుల దాన్ని ఆపే వీలుంటది. కానీ నా లెక్క వస్తువు పోతే, ఆపేటందుకు ఏ ఖాతాలా ఏం ఉండదు.

వాడు మెసేజ్ తీసేసిండు. నా ముందే బ్లాక్ చేసిండు. పోబోతుంటే ఎందుకో అడిగిన, "ల్యాప్‌టాప్ బిల్లుందా నాయినా?"

"లేదు మేడమ్. మా అన్న మస్కట్ నుంచి తెచ్చిండు. డబ్బా ఉండాలె ఇంట్ల."

నాలుగో పీరియడ్ బెల్లు కొట్టింది. "ఇయ్యాల ఇంటికి పోంగనే మీ అన్నకు ఫోన్ చెయ్యి" అన్న. "ఆ దుకాణం రసీదు ఫోటో తీసి పంపమను. అది వచ్చినంకనే ఎవరికన్నా చూపియ్యి."